తడవని వాన

అన్సెల్మోకి భార్య రాసేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పెళ్ళయిన కొత్తలోనే ఆ సంగతితో రాజీపడిపోయాడు. నెరిస్ ముత్తాతలు వేల్స్ నుంచి ఓడలో వచ్చి, అర్జెంటీనా కొసన ఈ చుబుత్ లోయలో కాలవలు తవ్వుకుని నిలబడ్డ జనం. ఇంట్లోనూ చర్చిలోనూ ఇప్పటికీ వెల్షే మాట్లాడుకుంటారు. అన్సెల్మో వాళ్ళది కొండలకి అవతల, చిలీ వైపు నుంచి వచ్చిన కుటుంబం. అతనికి తెలిసినవల్లా స్పానిషూ, లారీ ఇంజనూ, ఉన్ని మూటలు తేవడానికి పీఠభూమి మీదకి పోయే దార్లూ.

"మీ అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంటుంది," అని ఏడిపించేవాడు.

"ఇరుక్కుంటే ఇరుక్కుంది. నిన్ను తియ్యమనలేదుగా," అనేది నెరిస్.

లోయలో మధ్యాహ్నం భోజనాలయ్యాక కుక్క కూడా మొరగదు. అందరూ తలుపులు దగ్గరికేసుకుని కునుకు తీస్తారు. నెరిస్ మాత్రం సరిగ్గా ఆ వేళకే టమాటా పెట్టెలు పేర్చుకునే రేకుల షెడ్డులోకి వెళ్ళి, ఓ పెట్టె బోర్లించి, దానిమీద కాగితాలు పెట్టుకుని కూర్చునేది. పెదాలు కదుపుతూ, వేలితో చెక్క మీద తాళం వేసుకుంటూ, రాసినదాన్ని కొట్టేస్తూ. వాళ్ళ పద్యాలకి యతీ ప్రాసా లాంటి కట్టుబాట్లున్నాయి. పాదం ముందు సగంలో ఏ హల్లులు వచ్చాయో వెనక సగంలో అవే హల్లులు అదే వరసలో మళ్ళీ రావాలి. ఒక్క పాదం కుదరడానికి ఒక్కోసారి వారం పట్టేది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒకణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని రాసింది. నడుం పట్టేసిన ఏడు కూర్చోలేక, ట్రాక్టరు మూతమీద కాగితం పరుచుకుని నిలబడే రాసింది. అన్సెల్మో కునుకు లేచి, మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేణ్ణీళ్ళు పోసుకుని తీసుకెళ్తే, "ఉండు, ఇంకొక్క మాట," అనేది. ఆ ఒక్క మాటా దొరికేలోపు నీళ్ళు చల్లారిపోయేవి.

ఏటా వసంతంలో ఊళ్ళో ఐస్టెడ్‌వోడ్ జరుగుతుంది. పాటలూ పద్యాలూ పోటీలు పెట్టే పెద్ద సభ. అందులో అన్నిటికన్నా గొప్పది పద్యానికిచ్చే కుర్చీ. ఊరి వడ్రంగి ఏడాదికొకటి కొత్తగా చెక్కుతాడు. పోటీకి పంపేవాళ్ళు మారుపేరుతో పంపాలి; అసలు పేరు కవరులో పెట్టి అంటించాలి. గెలిచినవాళ్ళ కవరొక్కటే విప్పుతారు. ఓడినవాళ్ళెవరో దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. నెరిస్ ఏటా పంపేది. ఏటా సభలో భర్త పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఇంకెవరో లేచి నిలబడితే అందరితోపాటు చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేది. ఆ విషయం అన్సెల్మోకి తప్ప సొంత అక్క ఓల్వెన్‌కి కూడా తెలీదు.

ఓ ఏడు తీర్పు చెప్పడానికి వేల్స్ నుంచి గ్విలిం బైనన్ అనే ఆయన్ని పిలిపించారు. పుల్లలా ఉన్న మనిషి, పెద్ద కళ్ళద్దాలు. ఆయన వెల్ష్‌లో చెబుతుంటే పక్కనున్నాయన స్పానిష్‌లో చెబుతున్నాడు.

"కుర్చీకి ఈసారి వచ్చింది ఒక్కటే పద్యం," అన్నాడాయన. "హల్లుల లెక్క ఎక్కడా తప్పలేదు. నిండా వానే. కొండల మీద వాన, సముద్రం మీద వాన, సమాధుల మీద వాన. పాపం తడిసిపోయి ఉంటారు, గొడుగిద్దామనుకుని దగ్గరికెళ్ళి చూశాను. ఒంటిమీద చుక్క తడి లేదు!"

సభ గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆయన కళ్ళద్దాలు తీసి, "కుర్చీకి తగిన పద్యం రాలేదు. ఈ ఏడు కుర్చీ ఎవరికీ ఇవ్వడం లేదు," అన్నాడు.

అన్సెల్మో పక్కకి తిరిగి చూశాడు. నెరిస్ ముఖంలో ఏమీ లేదు. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. ఖాళీ కుర్చీ మీద గుడ్డ కప్పేశారు. అది చూడ్డానికి చావింట్లో వస్తువులా అనిపించి అతనికి ఒళ్ళు మండింది.

"లే, ఇంటికి పోదాం," అన్నాడు చెవిలో.

"టీ వంతు నాదివాళ. ఎలా పోతాను?"

చర్చి వెనక హాల్లో టీలు. పొడుగాటి బల్లల నిండా వెన్న రాసిన రొట్టెలూ, నల్ల కేకులూ. నెరిస్ పెద్ద కేటిలు రెండు చేతులా పట్టుకుని ఒక్కో కప్పూ నింపుకుంటూ వస్తోంది. బల్లల దగ్గర, అందరికీ తెలిసేలా స్పానిష్‌లో, ఒకటే మాట.

"ఎవరంటావ్ ఆ గొడుగు కవి?"

"ఇంకెవరు, పాస్టరు గారి తమ్ముడే. ఆయన స్నానానికే భయపడతాడు, ఇంక వానలో ఏం తడుస్తాడు!"

అందరికన్నా గట్టిగా నవ్వుతున్నది ఓల్వెన్ వదిన. "ఎవరైతేనేం, వచ్చే పుట్టినరోజుకి మనమంతా చందాలేసుకుని ఓ గొడుగు కొనిద్దాం," అంది కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ. "ఏమే నెరిస్, నువ్వేం మాట్లాడవు? నాకింకొంచెం టీ పొయ్యి."

నెరిస్ అక్క కప్పులో టీ పోసింది. కేటిలు బల్లమీద పెట్టింది. చేతులు ఏప్రానుకి తుడుచుకుంది.

"గొడుగు నాకే కొనివ్వాలక్కా. ఆ పద్యం నాది," అంది.

గట్టిగా అనలేదు. అయినా పక్కబల్ల దాకా వినబడింది, అక్కణ్ణుంచి చివరిబల్ల దాకా పాకింది. స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. ఓల్వెన్ నోట్లో కేకు నోట్లోనే ఉండిపోయింది. మూల బల్ల దగ్గర గ్విలిం గారు, పక్కాయన వెల్ష్‌లో చెప్పగానే, కప్పు కిందికి దించి, ఇందాక తనకి టీ పోసిన మనిషి వంక నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

అన్సెల్మో కప్పు పక్కన పెట్టి ఆమె వంక చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెని అంత ఎత్తుగా ఎప్పుడూ చూడలేదు. మనిషి పొట్టిదే. ఎవరూ అడగలేదు, కవరెవరూ విప్పలేదు. నోరు మూసుకుంటే పాస్టరు తమ్ముడి మీదకి పోయేది. 'నేనైతే ఒప్పుకునేవాణ్ణా?' అనుకున్నాడు. ఒప్పుకునేవాడు కాదని తనకి తెలుసు.

నెరిస్ మళ్ళీ కేటిలు ఎత్తుకుని, "ఇటు ఎవరికి కావాలి?" అంది.

మర్నాడు పొద్దున్నే పాలు పితకడం అయ్యాక కోటు వేసుకుని వచ్చి నిలబడింది.

"లారీ తియ్యి. ఆ మాస్టారు బస్సెక్కేలోపు ఓసారి కలవాలి."

"కొడదామా?" అన్నాడు అన్సెల్మో ఆశగా.

"ఛీ, నోర్ముయ్యి ముసలోడా."

గ్విలిం గారు సత్రం వరండాలో పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. వీళ్ళని చూడగానే లేచి, తడబడుతూ ఏదో అన్నాడు. మర్యాదకి మొదటి రెండు మాటలూ అన్సెల్మో కోసం వచ్చీరాని స్పానిష్‌లో అన్నాడు. "అమ్మా, నిన్న నేనలా నవ్వించకుండా ఉండాల్సింది. క్షమించండి."

"నవ్విస్తే నవ్వించారు, దానికేం," అంది నెరిస్. "క్షమాపణ కోసం రాలేదు మాస్టారూ. నిన్న సభలో నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నారు. మిగతావి కూడా చెప్పి వెళ్ళండి."

ఆయన పెట్టె మళ్ళీ విప్పి కాగితాలు తీశాడు. తర్వాత ఇద్దరూ వెల్ష్‌లోకి దిగిపోయారు. అన్సెల్మో మెట్టుమీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన వేలు కాగితం మీద నడుస్తోంది; ఆగుతోంది; అడ్డంగా ఊగుతోంది. ఒక పేజీ మొత్తానికి మూలనుంచి మూలకి గీత కొట్టాడు. అన్సెల్మో లేవబోయాడు. నెరిస్ అటు చూడకుండానే చెయ్యి చాపి కూర్చోమంది. తల ముందుకి వంచి వింటోంది. మధ్యలో ఒకచోట ఎదురు చెప్పింది, గట్టిగానే చెప్పింది. ఆయన ఆలోచించి, కొట్టేసిన గీతనే కొట్టేశాడు. బస్సు హారను కొడుతున్నా ఇద్దరికీ వినబడలేదు. చివరికి డ్రైవరు దిగి వచ్చి ఆయన పెట్టె తనే మోసుకుపోయాడు.

లారీ ఎక్కాక అన్సెల్మో అడిగాడు.

"ఏమన్నాడే?"

"మూడు పాదాలు బావున్నాయట."

"మూడేనా? మిగతావి?"

"మిగతావి మా తాతవట." కిటికీలోంచి బయటికి చూస్తోంది. "నేను వేల్స్ ఎప్పుడన్నా చూశానా? చూళ్ళేదు. అక్కడ నెల పొడుగునా వాన పడుతుందని తాత పాటల్లో విన్నా. ఇక్కడ ఏడాదికి నాలుగు జల్లులు పడితే పండగ. మరి ఎందుకు రాశాను? పద్యమంటే అలాగే ఉండాలనుకున్నాను. 'మీ ముంగిట్లో ఏముందో అది ఎందుకు రాయలేదు?' అనడిగాడు."

"మన ముంగిట్లో ఏముంది? దుమ్ము," అన్నాడు అన్సెల్మో.

ఆమె నవ్వలేదు.

ఆ వేసవి నెరిస్ రాయలేదు. మధ్యాహ్నం అందరిలాగే తలుపు దగ్గరికేసి మంచమెక్కింది. మొదట్లో అన్సెల్మోకి హాయిగా అనిపించింది. మాతే వేడివేడిగా తాగుతున్నాడు. నాలుగు రోజులు పోయాక ఆ హాయి కాస్తా వెలితైంది. పక్కన పడుకున్న మనిషి నిద్రపోవడం లేదు. పైకప్పు వంక చూస్తూ ఉంటుంది. గోడమీద వేలితో తాళం మొదలుపెట్టి, గుర్తొచ్చినట్టు ఆపేస్తుంది. ఇల్లు కాలవ కట్టేసిన పొలంలా ఉంది.

ఓల్వెన్ వదిన అల్లిక బుట్ట పట్టుకుని వచ్చి కూర్చుంది. చేసినదానికి లోపల సిగ్గుంది, బయటికి మాత్రం పెద్దరికమే. "పోనీలే, నీకూ విశ్రాంతి. ఈ వయసులో మనకెందుకు చెప్పు ఆ కుర్చీలూ బల్లలూ? రా, మనవడికి స్వెట్టరు అల్లుదాం."

"కుర్చీ కోసం కాదక్కా," అంది నెరిస్.

"మరి దేనికి?"

నెరిస్ సూదులు తీసుకుని అల్లడం మొదలుపెట్టింది.

తిట్టినా, అలిగినా అన్సెల్మో భరించేవాడు. భార్య బుద్ధిగా స్వెట్టరు అల్లుతుంటే చూడలేకపోయాడు. ఆ వారం ఉన్ని ఎత్తడానికి పీఠభూమి మీదకి వెళ్ళాల్సి ఉంది. "నాతో రా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు, ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు. ఆవుల్ని ఎవరు చూస్తారంది. "మీ అక్క చూస్తుంది. గొడుగు పట్టుకుని చూస్తుంది," అన్నాడు. నెరిస్‌కి ఫక్కున నవ్వొచ్చింది. ఆ సభ తర్వాత నవ్వడం అదే మొదలు.

లోయ దాటితే చెట్టూ చేమా ఉండవు. మోకాలెత్తు ముళ్ళపొదలు, వాటిమధ్య దారి. రెండోరోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఖాళీ లారీ పక్కకి ఒరుగుతుంటే అన్సెల్మో స్టీరింగు మీద పడి, "వచ్చాడమ్మా తోపుడుగాడు! నెట్టరా నెట్టు, మీ అత్తగారి సొమ్మా!" అని తిడుతున్నాడు.

"ఎవర్ని తిడుతున్నావు?"

"గాలిని."

"ఏమన్నావు దాన్ని?"

"తోపుడుగాడు. పక్కనుంచి నెట్టేవాడు. మా లారీవాళ్ళం అలాగే అంటాం. ఎదురొచ్చేది వేరు, దాన్ని పెళ్ళాం అంటాం." నాలిక్కరుచుకున్నాడు.

"ఇంకా?"

"తిట్టవుగా?"

"చెప్పు ముందు."

చెప్పాడు. పొద్దున్న నేలబారున పాకుతూ వచ్చి కాళ్ళ దగ్గర దుమ్ము లేపే గాలి కుక్కపిల్ల. గాలి ఠక్కున ఆగిపోయి చెవులు గింగురుమనే వేళ చెవిటి గంట. అతను రోజూ వాడే మాటలే. చెప్పుకోదగ్గవని ఎప్పుడూ అనుకోలేదు. నెరిస్ సీటులో పక్కకి తిరిగి కూర్చుని వింటోంది. దారిలో డ్రైవర్లు ఆగి మాంసం కాల్చుకునే హోటల్లో అతని స్నేహితుల్ని కూర్చోబెట్టి అడిగింది. వాళ్ళు ముందు మొహమాటపడ్డారు. తర్వాత ఒకడి మాటకి ఇంకొకడు అడ్డమొచ్చి, "కాదు వదినా, వీడికేం తెల్సు, వీడు తారురోడ్డువాడు, నేను చెప్తా విను," అని పోటీలు పడ్డారు.

తిరుగుదారిలో లారీ కుదుపుల మధ్య ఆమె వేలు డాష్‌బోర్డు మీద తాళం వేయడం మొదలైంది. అన్సెల్మో చూడనట్టు రోడ్డువంకే చూస్తూ నడిపాడు. మామూలుగా ఆగే మలుపు దగ్గర కూడా ఆగలేదు, ఎక్కడ తెగిపోతుందోనని.

"వీటికి వెల్ష్‌లో మాటల్లేవు," అంది చివరికి. "నేనే పుట్టించాలి. లేని మాట పుట్టిస్తే మా వాళ్ళు ఊరుకుంటారా? మొన్న గొడుగు, ఇప్పుడు చెప్పుతో కొడతారు."

"భయమా?"

"చాలా."

"మరి మానేస్తావా?"

"మానేసి చూశాగా. అది ఇంకా భయంగా ఉంది," అంది.

మళ్ళీ షెడ్డూ, పెట్టే, చల్లారిన మాతే. ఈసారి తేడా ఏమిటంటే మధ్యమధ్యలో అతన్ని నిద్రలేపేది. "తోపుడుగాడు ముందు ఈల వేస్తాడా, నెట్టాక వేస్తాడా?" కళ్ళు నులుముకుంటూ అతను ఆలోచించి చెప్పేవాడు. తప్పు చెబితే ఒప్పుకునేది కాదు.

ఆ వసంతంలో పంపింది. కుర్చీ పక్క పట్నం త్రెలేవ్‌లో పనిచేసే ఓ కుర్ర టీచరమ్మకి వచ్చింది. రెండోదిగా నిలిచిన నెరిస్ పద్యం గురించి ఆ ఏటి న్యాయనిర్ణేత అన్నది ఇంతే: మాటలు మొరటుగా ఉన్నాయి, రెండుచోట్ల లెక్క తప్పింది, కానీ ఊపిరి ఉంది. టీల దగ్గర ఓల్వెన్ ఈసారి నవ్వలేదు, మండిపడింది. ఎవరిదో అడగక్కర్లేకుండానే కనిపెట్టేసింది.

"తాతల భాషలో లారీ డ్రైవర్ల మాటలేమిటే? సిగ్గులేదూ?"

అన్సెల్మో కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. వదిన మంచిదే; అతను అక్కడున్న సంగతి మర్చిపోయి అంది. అయినా గుచ్చుకుంది.

"అక్కా, తాతలు ఓడ దిగినప్పుడు వాళ్ళ భాషలో ఈ నేలకి ఒక్క మాటా లేదు," అంది నెరిస్. "ఏ నీళ్ళు తాగొచ్చో, ఏ పొద తినొచ్చో ఇక్కడున్నవాళ్ళనే అడిగి తెలుసుకున్నారు. లేకపోతే ఆ చలికే పోయేవాళ్ళు, నువ్వూ నేనూ ఉండేవాళ్ళం కాదు. నేనూ అడిగాను. మా ఆయన్ని అడిగాను."

ఓల్వెన్ అప్పుడు చూసింది అన్సెల్మోని. ముఖం కందగడ్డయింది. కేకు పళ్ళెం అతని వైపు జరిపింది. క్షమాపణ అడగడం ఆవిడకి అంతకన్నా చేతకాదు.

ఇంటికొచ్చాక అన్సెల్మో, "లెక్క తప్పిందన్నాడుగా ఆయన, నిజమేనా?" అని అడిగాడు.

"రెండుచోట్ల కాదు, మూడుచోట్ల. మూడోది ఆయనకి దొరకలేదు," అని నెరిస్ కాగితాలు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

ఆ చలికాలం నీళ్ళ గొట్టాలు గడ్డకట్టాయి. రేకుల షెడ్డులో వేళ్ళు కొంకర్లు పోతుంటే రెండు చేతి తొడుగుల కొసలు కత్తిరించుకుని రాసింది. ఆవు ఈనడం కష్టమై రెండు రోజులు కొట్టంలోనే ఉన్నప్పుడు, గడ్డిమోపు మీద కూర్చుని నోటితో కట్టుకుని, తర్వాత రాసుకుంది. అన్సెల్మో అంతవరకూ దాన్ని ఆవిడ సరదా అనుకునేవాడు. కొందరు ఆడవాళ్ళకి పూలమొక్కల్లాగా. ఆ చలికాలం అతనికి అర్థమైంది. ఎదురుగాలిలో నిండు లారీని కొండెక్కించడం ఏమిటో అతనికి తెలుసు. గేరు మార్చకూడదు, ఆగకూడదు, అటూ ఇటూ చూడకూడదు. ఆవిడ ముఖం అలా ఉండేది. జీవితమంతా తనకన్నా పెద్ద బండిని ఆవిడ చప్పుడు లేకుండా నడుపుతోందనిపించి, తనకి తెలియకుండానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. షెడ్డు గుమ్మంలో, తన పెళ్ళాం ముందు.

"ఏంటలా నిలబడ్డావు?"

"నాకు చదివి వినిపిస్తావా?"

నెరిస్ నమ్మలేనట్టు చూసింది. "నీకు అర్థం కాదుగా."

"స్పానిష్‌లో చెప్పు. ఎలా వస్తే అలా చెప్పు."

చెప్పింది. తడుముకుంటూ, "ఇక్కడ బావుంటుంది కానీ ఇలా చెబితే బావుండదు" అని గొణుక్కుంటూ. ఓ మనిషి బండి తోలుకుంటూ పోతుంటాడు. గాలి పక్కనుంచి నెడుతుంటుంది, అతను తిడుతుంటాడు. నెట్టే గాలి లేని చోట నిలబడటం ఎలాగో అతనికి తెలీదు. చెవిటి గంటలో బండి ఆపి దిగుతాడు. ఆ నిశ్శబ్దంలో, ఇంటిదగ్గర కాలవలో వంతు నీళ్ళు వదిలిన చప్పుడు అతనికి వినబడుతుంది. వినబడేంత దగ్గర్లో లేదది, అయినా వినబడుతుంది.

"నిజంగానే వినబడుతుంది," అన్నాడు అన్సెల్మో. "నేనెప్పుడూ నీకు చెప్పలేదే."

"చెప్పలేదు," అంది నెరిస్.

ఆ ఏడు సభ కిటకిటలాడింది. న్యాయనిర్ణేత వెల్ష్‌లో చాలాసేపే మాట్లాడాడు. స్పానిష్‌లో చెప్పాల్సినాయన గొంతు పట్టేసి, మధ్యమధ్య ముక్కలు మింగేస్తున్నాడు. అన్సెల్మోకి అర్థమైంది ఏమిటంటే ఈసారి కుర్చీ ఇస్తున్నారు. బూర ఊదారు. మారుపేరు పిలిచారు. అది వెల్ష్ మాట. నెరిస్ ఏ పేరు పెట్టుకుందో అతనికెప్పుడూ తెలీదు, చెబితే పోటీకి అరిష్టమనేది. ఎవరు లేస్తారా అని అందరితోపాటు అతనూ మెడ తిప్పి వెనక వరసలు వెతుకుతున్నాడు. ఆ టీచరమ్మేనేమో అని అటు చూశాడు. ఆమె కూడా ఇటే చూస్తోంది. జనమంతా ఇటే చూస్తున్నారు.

"కాలు తీస్తావా ముసలోడా," అంది పక్కనుంచి నెరిస్. "నేను వెళ్ళాలి."

కాలు తియ్యడం అతనికి చేతకాలేదు. ఆవిడే దాటుకుని వెళ్ళింది. పొట్టిమనిషి, ఉన్ని కోటు, వేదిక మెట్లెక్కడానికి ఒకాయన చెయ్యందిస్తే వద్దంది. ఆచారం ప్రకారం ఆమె తలపైన కత్తి పట్టుకుని, "శాంతియేనా?" అని సభ పెద్దాయన అడిగాడు. "శాంతి!" అని సభ అరిచింది. అన్సెల్మో ఏ భాషలో అరిచాడో అతనికే తెలీదు. రెండు వరసల ముందు ఓల్వెన్ వదిన వెక్కి వెక్కి ఏడుస్తూ, పక్కావిడతో, "మా చెల్లెలు! అందులో మాటలు మా మరిదివి!" అని అడగనివాళ్ళకి కూడా చెబుతోంది.

కుర్చీ ఉన్ని మూటల మధ్య కట్టి ఇంటికి తెచ్చారు. వంటింట్లో పట్టలేదు. నడవలో పెడితే పిల్లి ఆక్రమించింది.

మరుసటి ఏడు నెరిస్ మళ్ళీ పంపింది. మూడో స్థానం వచ్చింది. "వీళ్ళకేం తెలుసు!" అని అన్సెల్మో లేవబోతే, నెరిస్ చెయ్యి చాపి కూర్చోబెట్టింది. వేదిక మీద ఆ ఏటి న్యాయనిర్ణేత ఆమె పద్యంలో తప్పులు ఒక్కొక్కటే చెబుతున్నాడు. తల ముందుకి వంచి, ఒక్క మాట జారిపోకుండా వింటోంది. ఒకచోట ఒప్పుకున్నట్టు తలాడించింది. ఇంకోచోట పెదవి విరిచింది. ఆపైన ఒళ్ళో ఉన్న చెయ్యి నెమ్మదిగా ముందు కుర్చీ వీపుమీదకి వెళ్ళి, అక్కడ వేలితో తాళం వేయడం మొదలుపెట్టింది.